సంగం షాట్

కెమెరా పట్టాలంటే ఇంగ్లిష్ రావాలా? రానక్కర్లేదని జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. కొన్ని షాట్లకి వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. అందులో ఒక పేరు మంచాన పడ్డ మనిషి దగ్గరికి వెళ్లే ప్రతివాళ్లకీ పనికొస్తుంది.

అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదు. దుబాయ్‌లో ఉన్న మనవడు ఫొటో పంపమన్నాడు. మీరేం చేస్తారు? మంచం పక్కన నిలబడి, ఫోను కిందికి వంచి, టక్కున ఒకటి తీస్తారు. అది చూడగానే మనవడికి గుండె జారుతుంది. నిన్నటిదాకా కబుర్లు చెప్పిన మనిషి ఫొటోలో ఇంతేసి అయిపోయి, ఓ మూలకి ఒదిగిపోయి ఉంది మరి! నిజానికి జబ్బు అంతగా ముదరలేదు. మీరు నిలబడిన చోటు అలా చూపించింది.

ఈ కిటుకు తెలిసినవాళ్లు సంగారెడ్డి జిల్లాలో ఉన్నారు. రాయికోడ్ చుట్టుపక్కలంతా నల్లరేగడి. చలికాలంలో జొన్న, శనగ, కుసుమ. అక్కణ్నుంచి ఝరాసంగం మీదుగా జహీరాబాద్ వైపు వస్తుంటే నేల రంగు మారి ఎర్రబారుతుంది. ఈ ఊళ్లలోనే 1983లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టింది. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. ఇక్కడివాళ్ల నోట్లో అది ‘సంగం’. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, గుంటో ఎకరమో ఉన్నవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు.

1990ల చివర్లో వీళ్లలో కొద్దిమంది చేతికి వీడియో కెమెరా వచ్చింది. సంస్థని నడిపించిన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసినాయన. కెమెరా ఎలా మాట్లాడుతుందో తెలుసు. హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్... పాఠం ఇలాగే మొదలవుతుంది ఎక్కడైనా. నోరు తిరగని మాటలు బట్టీ పట్టడమెందుకని ఆడవాళ్లు వాటిని తమ ఊళ్లోకి లాక్కొచ్చేశారు.

పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్! దొర అరుగు మీద నిలబడి కింద ఉన్నవాళ్లని చూసే చూపు కదా. కింది నుంచి పైకి చూసేది వెట్టివాడి చూపు. మరి కళ్లకి కళ్లు సూటిగా కలిసేది? అదే సంగం షాట్. సంగంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు, ఒకరు ఎక్కువా లేదు, ఒకరు తక్కువా లేదు. ఫిల్మ్ స్కూల్లో ఏళ్లు చదివినవాళ్లు కూడా ఇంత సూటిగా చెప్పగలరా అంటే నాకు అనుమానమే.

వెళ్లిన ఇంటికే మళ్లీ...

2001లో వీళ్ల బృందం కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అయింది. హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటివాళ్లు పొలం పని మానకుండానే కెమెరా భుజానికెత్తుకున్నారు. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఆ పంట ఎలా ఉంటుందో చూద్దామని వీళ్లు వరంగల్ జిల్లా రైతుల వెంట పడ్డారు. విత్తు పెట్టిన దగ్గర్నుంచి పత్తి తీసేదాకా ఆ పొలాలకే మళ్లీ మళ్లీ వెళ్లారు. 2003లో ఒక చిత్రం వచ్చింది. అక్కడితో ఆపకుండా మూడేళ్ల కథనీ 2005లో చూపించారు. తర్వాత కెమెరా మాలి, దక్షిణాఫ్రికా దాకా వెళ్లింది.

నన్ను ఆకట్టుకున్నది విదేశీ ప్రయాణాలు కావు. వెళ్లిన గడపకే మళ్లీ వెళ్లడం! జబ్బు మనిషిని పలకరించే పద్ధతీ అదే కదా. మొదటిరోజు యాపిల్ పళ్లతో వచ్చేవాళ్లు బోలెడుమంది. నెల తర్వాత ఖాళీ చేతులతోనైనా వచ్చి కూర్చునేవాళ్లే తక్కువ.

ఈ సంగాలకి ఆ అలవాటు కెమెరా కంటే ముందే ఉంది. 1990ల మధ్యలో ముప్పైకి పైగా ఊళ్లలో బీడు భూములు సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో వాటా ఊళ్లోనే నిల్వ పెట్టారు. పనుల్లేని నెలల్లో పేదల ఇళ్లకి చవగ్గా ఇచ్చారు. ఎవరు పేదలో తేల్చింది ఆఫీసు కాగితం కాదు, ఊరి ఆడవాళ్లే. ఏ ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడ్డాడో, ఏ పొయ్యి రెండు రోజులుగా వెలగలేదో వాళ్లకి తెలియనిదా!

2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంగం రేడియో మొదలైంది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ... ఇద్దరు నర్సమ్మలూ దాన్ని నడిపించారు. పంటలు, పాటలతో పాటు ఆరోగ్యం ముచ్చట్లు కూడా అందులో వినిపించాయి. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు సంగం కుటుంబాలు తలా పది కిలోల దాకా ధాన్యం సాయంగా ఇచ్చాయి. జహీరాబాద్‌లో పారిశుద్ధ్య కార్మికులకీ, ఆరోగ్య సిబ్బందికీ, పోలీసులకీ రోజుకి దాదాపు వెయ్యి గ్లాసుల చిరుధాన్యాల అంబలి అందింది. పట్నాల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని నడిచొచ్చిన రోజులవి. అప్పుడు సాయం చేసినవాళ్లలో ఈ చిన్న రైతులూ ఉన్నారు!

కెమెరా నేర్పిన సతీష్ చాలాకాలం అనారోగ్యంతో ఉండి 2023 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అంత్యక్రియలు జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో జరిగాయి. ఆయన నేర్పిన పాఠానికి ఈ ఆడవాళ్లు పెట్టిన పేరు మాత్రం ఇక్కడ ఉండిపోయింది.

మీరూ తీసి చూడండి

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లెవరినైనా మూడు ఫొటోలు తియ్యండి. ఒకటి నిలబడి. ఒకటి నేల మీద కూర్చుని, ఫోను పైకెత్తి. మూడోది వాళ్ల కళ్లెక్కడున్నాయో సరిగ్గా అక్కడికి కెమెరా తెచ్చి. పక్కపక్కనే పెట్టి చూస్తే మనిషి ఒకరే, వరస మాత్రం మూడు రకాలు. మంచం మీద ఉన్నవాళ్లైతే మీరు కింద చాప వేసుకుని కూర్చోక తప్పదు. మోకాళ్లు నొప్పులంటారా, చిన్న ముక్కాలి పీట వేసుకోండి. ఫ్లాష్ వద్దు. అది ముఖాన్ని తెల్లగా పాలిపోయినట్టు చేస్తుంది, కళ్లకీ ఇబ్బంది. పక్క కిటికీ తెరిస్తే చాలు, పొద్దుటి వెలుగు ఒక చెంప మీద పడి ముఖానికి నిండుదనం వస్తుంది.

అన్నట్టు, తీసే ముందు అమ్మమ్మని అడగండి. తల దువ్వుకుంటానంటే ఆగండి. చీర మార్చుకుంటానంటే ఇంకాసేపు ఆగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టేసి, అలాగే కూర్చోండి.