పటం మిగిలింది, పేరు పోయింది

మచిలీపట్నం: బందరు, గుడివాడ ప్రాంతాల్లోని పాత మండువా లోగిళ్లలో భోషాణాలు సర్దుతుంటే ఒక్కోసారి అట్టకు అంటించిన పాత ఫొటో బయటపడుతుంది. తలపాగా, కండువా, పక్కన బల్లపై పుస్తకం. ఎవరీయన అని అడిగితే "ముత్తాతగారో, ఆయన అన్నగారో" అన్న జవాబే తప్ప పేరు చెప్పగలవారు ఉండరు.

దివిసీమలో ఆ పాటి ఆనవాలు కూడా మిగలని కుటుంబాలున్నాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనకు బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మంది బలయ్యారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది మరణించారు. ఇళ్లతోపాటు పెట్టెలూ, పటాలూ కొట్టుకుపోయాయి. రెండు ఉప్పెనలు చూసిన ఈ సీమలో మిగిలిన ప్రతి పాత ఫొటో విలువైనదే.

ఫొటో తీసే విద్య 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైంది. కృష్ణా జిల్లా అంతర్భాగంగా ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1856 నాటికే ఫొటోగ్రఫీ సంఘం వెలిసింది.

పేరు లేకపోయినా ఫొటో కొంత సమాచారం ఇస్తుంది. సుమారు 4 అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు గల చిన్న అట్టలు 1854 తర్వాత వాడుకలోకి వచ్చాయి. ఆరున్నర అంగుళాల పెద్ద అట్టలు 1866 తర్వాతివి. చాలా అట్టల వెనుక స్టూడియో పేరు, ఊరు అచ్చువేసి ఉంటాయి. మనిషి కాళ్ల వెనుక ఇనుప స్టాండు పాదాలు కనిపిస్తే అది తల కదలకుండా ఆన్చిన ఊత. కొన్ని సెకండ్లపాటు బిగదీసుకుని ఉండాల్సి వచ్చేది.

ఆనాటి గాజుపలకలు ఎరుపు, పసుపు రంగులను సరిగా పట్టేవి కావు. అందువల్ల కుంకుమబొట్టు నల్లగా, నీలిరంగు బట్ట తెల్లగా పడేది. చామనచాయ మనిషి మరింత నల్లగా కనిపించేవాడు. రంగు చూసి "ఈయన మావాడు కాదు" అని పటాన్ని పక్కన పడేయడం తగదు. రేకుపై తీసిన ఫొటోల్లో కుడి ఎడమలు తారుమారై, ఎడమ భుజంపై పైట కుడివైపు కనిపిస్తుంది.

పేరు రాయకపోవడం మన ఇళ్లలోనే జరిగినది కాదు. 1868 నుంచి 1875 వరకు లండన్‌లో 8 సంపుటాలుగా వెలువడిన 'పీపుల్ ఆఫ్ ఇండియా' గ్రంథంలో 450కి పైగా ఫొటోలున్నాయి. వాటిలో చాలామందికి కులం, తెగ పేరే తప్ప సొంత పేరు లేదు. 1876-78 నాటి మద్రాసు కరువులో ఎముకల గూళ్లయిన రైతుకూలీలను హూపర్ అనే సైనికాధికారి వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. అందులోని మనుషులు మాత్రం అనామకులుగానే మిగిలారు.

అక్కడ అడిగి రాసుకునేవారు లేకపోయారు. మన ఇళ్లలో ఆ అవకాశం ఇంకా ఉంది. ఎనభై దాటిన అమ్మమ్మ, తాతయ్య ఉన్నప్పుడే పాత పటాలు వారి చేతికిచ్చి అడగాలి. చెప్పిన పేరు, ఊరు, వరస, చెప్పినవారి పేరు కూడా అట్ట వెనుక మెత్తని పెన్సిలుతో రాయాలి. సిరా అయితే ఊరి బొమ్మకు మచ్చ తెస్తుంది. తడిగుడ్డతో తుడవకూడదు. సెల్‌ఫోనుతో ఒక నకలు తీసి దూరపు ఊరి బంధువులకు పంపితే, మళ్లీ ఉప్పెన వచ్చినా ఆ ముఖం ఎక్కడో ఒకచోట మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త అవసరం. పోలికను బట్టి ఊహించి పేరు రాయకూడదు. పేరు లేని పటాన్ని రేపు ఎవరైనా గుర్తుపట్టవచ్చు. తప్పు పేరు ఎక్కిన పటం గురించి ఇక ఎవరూ అడగరు.