పండుగలో స్త్రీ పాలు



సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి జాతరను మీలో పలువురు చూచియే యుందురు. ఆషాఢమున స్త్రీలు పాలు బెల్లము వేసి వండిన యన్నమును కొత్తకుండలో నుంచి, వేపరెమ్మలు గట్టి, పైన దీపము నిలిపి తలపై మోసికొని పోవుదురు. మఱునాడు రంగము. పచ్చికుండపై నిలిచి యొక స్త్రీ భవిష్యవాణి పలుకును. వేలాది జనము చెవియొగ్గి వినును. వండునది స్త్రీ, మోయునది స్త్రీ, పలుకునదియు స్త్రీయే. అన్ని మతముల పండుగలలోను ఇట్లే కలదా? యూదుల కథ యొకటి విన్నవించెదను.

వారి పెద్దపండుగ పస్కా. ఐగుప్తు దాస్యమునుండి తమ పూర్వులు విడుదల పొందిన రాత్రిని ఏటేట తలఁచుకొందురు. పండుగనాటికి ఇంట పులిసిన పిండి రవ్వంతయు మిగులరాదు. మూలమూలలు ఊడ్చుట, పాత్రలు మార్చుట, పులియని రొట్టెలతో విందు అమర్చుట తరతరములుగా ఇల్లాండ్ర పని. పంక్తిలో విమోచనకథ చదివించువాఁడు మాత్రము ఇంటి యజమానుఁడు.

ఇందొక వింత కలదు. మగశిశువులను చంపుమను రాజాజ్ఞను ధిక్కరించినవారు షిఫ్రా, పూయా యను మంత్రసానులు. నీటిలో విడిచిన పసివాఁడగు మోషేకు కావలి నిలిచినది అతని యక్క మిర్యాము. పైకి దీసి పెంచినది రాజపుత్రి. అయినను సంప్రదాయపాఠమున వీరికి చోటు దాదాపు లేదు.

1976లో న్యూయార్కు నగరమున కొందఱు స్త్రీలు తామే పంక్తిదీర్చి, తమ తల్లుల తలఁపులతో ఆ గాథ చదివిరి. 1980ల చివర బోస్టను స్త్రీలు, ఏలీయా ప్రవక్త పేర నుంచు ద్రాక్షరసపు పాత్ర చెంత, మిర్యాము పేర నీటిపాత్ర నుంచిరి. ఎడారిలో ఆమె పుణ్యమున నీటిబావి వెంట వచ్చెనని యూదుల ఐతిహ్యము.

ఆచారము చెడునని కోపించినవారును కలరు. ప్రత్యుత్తరము పాత శాస్త్రమందే యున్నది: ఆ రాత్రి నాలుగు పాత్రల ద్రాక్షరసము స్త్రీలును త్రాగవలయును, ఏలయన ఆ విమోచనమున వారికిని పాలు కలదని తాల్మూదు విధించినది. మఱచిన మాటను జ్ఞప్తికి తెచ్చుటయే ఆ స్త్రీలు చేసిన పని.

ఇది దూరదేశపు మాట యనుకొనవలదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున యూద ధర్మము ననుసరించు తెలుగు కుటుంబములు కలవు. 1991లో వారచట ప్రార్థనామందిరము నెలకొల్పుకొనిరి, పస్కాయు జరుపుకొందురు.

ఇఁక మన యిండ్ల మాట. ఉపవాసమున్నది ఆమె, నైవేద్యము వండినది ఆమె. కథ చెప్పు వేళకు ఆమె ఎచ్చట నుండును? పెక్కు ఇండ్లలో పొయ్యికడనే. రంగమునాఁడు స్త్రీ మాటకు చెవియొగ్గు మనము, రాఁబోవు పండుగనాఁడు ఆమెకు పీట వైచి, కథ నీవే చెప్పుమందుమా? ఒకమాఱు అడిగి చూడుఁడు.