గీత పడకుండా తెరుచుకునే తాళం: ‘బంపింగ్’ సాధన మొదలుపెట్టేవారు తెలుసుకోవాల్సినవి

వేసిన తాళం వేసినట్టే ఉంటుంది. పగలదు, వంగదు, పైకి గీత కూడా కనిపించదు. అయినా తలుపు తెరుచుకుంటుంది. ‘లాక్ బంపింగ్’ అనే పద్ధతి రెండు దశాబ్దాల కిందట ఐరోపా, అమెరికా వినియోగదారులను కలవరపెట్టడానికి కారణం ఇదే. ఆ పద్ధతినే నేడు పలు దేశాల్లో ఔత్సాహికులు అభిరుచిగా సాధన చేస్తున్నారు. అసలు అది ఏ సూత్రంపై పనిచేస్తుంది, కొత్తగా నేర్చుకునేవారు ఎక్కడ పొరబడతారు, ఎక్కడ ఆగాలి అన్నవి తాళం వేసే ప్రతివారికీ పనికివచ్చే విషయాలే.

ముందుగా ఒక చిన్న వివరణ. తెలుగు ఇళ్లలో కప్పనూ తాళమే అంటారు, చెవినీ తాళమే అంటారు. ఈ కథనంలో తాళం అంటే కప్ప. దాన్ని తెరిచేది తాళంచెవి.

క్యారమ్ బల్ల మీది సూత్రం

నేడు తలుపులకు విరివిగా వాడే తాళం పిన్నులతో పనిచేసేది. దానికి ఆధునిక రూపమిచ్చిన అమెరికన్ లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంట్ పొందారు. తాళంచెవి దూరే గొట్టానికి పైన వరుసగా అయిదారు రంధ్రాలుంటాయి. ఒక్కొక్క రంధ్రంలో ఒకదానిపై ఒకటిగా రెండు పిన్నులు, వాటిని కిందికి నొక్కుతూ ఒక స్ప్రింగు ఉంటాయి. పై పిన్ను సగం గొట్టంలోకి దిగి, అది తిరగకుండా అడ్డుపడుతుంది. సరైన తాళంచెవికి ఉండే పళ్లు పిన్నుల జతలను తగినంత ఎత్తుకు లేపుతాయి. అప్పుడు రెండు పిన్నుల నడుమ సందు గొట్టం అంచుతో సమమై, చెవి తిరుగుతుంది.

బంపింగ్‌లో పిన్నులను కొలిచి లేపడం ఉండదు. క్యారమ్ ఆటలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు కాయల్లో మొదటిదాన్ని స్ట్రైకర్‌తో కొడితే రెండోది దూసుకుపోతుంది. మొదటిది దాదాపు ఉన్నచోటనే ఆగుతుంది. ఇక్కడా అంతే. పళ్లన్నీ గరిష్ఠ లోతుకు కోసిన ప్రత్యేక తాళంచెవిపై చిన్న దెబ్బ పడగానే, ఆ అదురు కింది పిన్నుల గుండా పై పిన్నులకు చేరుతుంది. అవి క్షణంలో అతి స్వల్ప భాగం పాటు పైకి ఎగురుతాయి. ఆ రెప్పపాటులో గొట్టంపై తిప్పే ఒత్తిడి ఉంటే తాళం తెరుచుకుంటుంది.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఈ తరహా తాళంచెవికి అమెరికాలో 1920ల్లోనే పేటెంట్ లభించింది. తాళాల మరమ్మతుదారుల మధ్యే ఉండిపోయిన ఈ కిటుకును నెదర్లాండ్స్‌కు చెందిన ‘టూల్’ అనే ఔత్సాహికుల సంఘం 2005 ప్రాంతంలో బహిరంగ చర్చకు తెచ్చింది. మరుసటి ఏడాది లాస్ వేగాస్‌లోని డెఫ్‌కాన్ సదస్సులో 11 ఏళ్ల బాలిక ఈ పద్ధతిలో తాళం తెరిచి చూపడంతో అమెరికాలోనూ ఆందోళన మొదలైంది.

బలం కాదు, చేతి మెత్తదనం

కొత్తవారు చేసే మొదటి పొరపాటు గట్టిగా కొట్టడం. రెండోది అంతకంటే సాధారణం: గొట్టాన్ని బలంగా తిప్పిపట్టడం. అలా చేస్తే పిన్నులు రంధ్రాల గోడలకు బిగుసుకుని ఎగరనే ఎగరవు. అసలు పట్టు ఉందా లేదా అన్నంత తేలికగా ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఇంకో వింత ఏమిటంటే, నాసిరకం తాళం మొరాయించవచ్చు. ఖచ్చితమైన కొలతలతో నున్నగా తయారైన ఖరీదైన తాళం సులువుగా లొంగవచ్చు. అందులో పిన్నులు స్వేచ్ఛగా కదలడమే కారణం. ధర చూసి భద్రతను అంచనా వేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే తాళం స్వభావాన్ని తెలుసుకోవాలనుకునేవారికి బంపింగ్ మంచి తొలిపాఠం కాదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. దెబ్బ వేస్తే తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. ఎందుకన్నది వేళ్లకు తెలియదు. సన్నని ఉపకరణంతో ఒక్కొక్క పిన్నును తడిమి లేపే పద్ధతి నెమ్మదైనదే కానీ, ఏ పిన్ను కూర్చుంది, ఏది బిగుసుకుంది అన్నది అందులోనే బోధపడుతుంది.

పైగా బంపింగ్ తాళాన్ని పాడుచేస్తుంది. పదేపదే పడే దెబ్బలకు పిన్నుల కొసలు చదునవుతాయి, గొట్టం ముఖం నొక్కుకుపోతుంది. ఒకనాడు సొంత తాళంచెవి సైతం తిరగకపోవచ్చు. అందుకే ఔత్సాహికుల సంఘాలు రెండు నియమాలను గట్టిగా పాటిస్తాయి. తనది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టరాదు. తనదే అయినా, వాడుకలో ఉన్న తాళంపై సాధన చేయరాదు. సాధనకు పాత తాళం ఒకటి కొని, బల్లకు బిగించుకుంటే చాలు. మొదటి నియమం మర్యాద మాత్రమే కాదు. ఇంట్లోకి అక్రమంగా చొరబడేందుకు తాళం తెరవడం భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ ప్రకారం గృహభేదనం కిందికి వస్తుంది. తాళం పగలకొట్టలేదన్న వాదన అక్కడ నిలవదు.

ఆనవాళ్లు ఉండవన్నది కూడా సగం నిజమే. కంటికి కనిపించకపోయినా, తాళాన్ని విప్పి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే పిన్నులపై అసహజమైన దెబ్బల గుర్తులు బయటపడే అవకాశముంది. బలవంతపు ప్రవేశానికి రుజువు అడిగే చోట, బీమా పరిహారం కోసం తిరిగే బాధితులకు ఇది చాలా ముఖ్యం. అనుమానం ఉన్నప్పుడు పాత తాళాన్ని పారేయకుండా పోలీసులకు అప్పగించాలి.

ఇలాంటి లోపాలను బహిరంగంగా చర్చించవచ్చా అన్న వివాదం పాతదే. 1851లో లండన్ మహాప్రదర్శన సమయంలో అమెరికన్ ఆల్‌ఫ్రెడ్ హాబ్స్, అభేద్యమని పేరుపడిన బ్రామా తాళాన్ని రోజుల తరబడి శ్రమించి తెరిచారు; 200 గినీల బహుమతి అందుకున్నారు. దొంగలకు ఈ విద్య ముందే తెలుసని, తెలియనిది కొనుగోలుదారులకేనని ఆయన వాదించారు. ఆ తర్వాత తాళాల తయారీ మెరుగుపడిందే తప్ప దిగజారలేదు.

ఇంటి తాళం ఏ రకమో తెలుసుకోవడానికి తాళంచెవిని చూస్తే చాలావరకు సరిపోతుంది. పలుచగా ఉండి ఒక అంచున రంపపు పళ్లుంటే అది పిన్నుల తాళం, బంపింగ్‌కు లోనుకావచ్చు. గుండ్రటి కాడ, చివర జెండాలాంటి రేకు ఉంటే అది లివర్ తాళం. అందులో పిన్నుల జతలు ఉండవు కనుక ఈ కిటుకు పారదు. చేతిపని తాళాలకు ప్రసిద్ధి చెంది, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన తమిళనాడులోని దిండిగల్ లివర్ తాళాలకే పేరుపడింది. వాటికీ వేరే బలహీనతలు లేకపోలేదు. పిన్నుల తాళమే కావాలనుకుంటే, పిన్నులతో పాటు పక్కన అదనపు అడ్డుకడ్డీ ఉన్న రకాన్ని అడిగి కొనడం మేలు. అంతవరకు, లోపల ఉన్నప్పుడు తలుపుకు గడియ కూడా వేసుకోవాలి. గడియకు బయటి వైపు తాళంచెవి రంధ్రమే ఉండదు.