రాజు పేరు చెప్పుకొన్న కంఠి బాబా

పోలీసు కాల్పుల్లో మరణించిన బస్తర్ మహారాజు తానేనంటూ 1971లో ఓ బాబా ప్రత్యక్షమయ్యాడు. ఆదివాసుల చేత మాంసం, కల్లు మాన్పించాడు. ఎన్నికల్లో కాంగ్రెస్‌కు ప్రచారం చేశాడు. చివరికి విచారణే అక్కర్లేని చట్టం కింద జైలుకెళ్లాడు.

బైలాదిలా కొండల కింద ఉన్న బచేలికి తెలుగు కొత్త భాష కాదు. ఇనుప గనుల్లో పనికోసం తెలుగు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వాళ్లకు పుట్టింటి దారి. ఆ పట్టాల మీదే ఎర్రటి ఖనిజం విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు తరలిపోయింది. బచేలి నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, శంఖినీ ఢంకినీ నదులు కలిసే చోట, దంతెవాడ దంతేశ్వరి గుడి ఉంది. తెలుగువాళ్లకు ఈ గుడితో ఉన్న చుట్టరికం గనుల కన్నా చాలా పాతది.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవుల్లోకి వచ్చాడని బస్తర్ రాజవంశం చెప్పుకొంటుంది. వెనక అమ్మవారు నడిచి వస్తోందట. గజ్జెల చప్పుడు ఆగేదాకా వెనక్కి చూడకూడదన్నది షరతు. ఇసుకలో గజ్జెలు మోగకపోవడంతో ఆయన వెనక్కి తిరిగాడు, అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. కథ ఎంతవరకు నిజమన్నది చరిత్రకారుల గొడవ. ఆదివాసికి మాత్రం రాజంటే పన్నులు వసూలు చేసే మనిషి ఒక్కడే కాదు, దంతేశ్వరికి పెద్ద పూజారి కూడా. ఈ సంగతి తెలియకపోతే బిహారీదాస్ కథ అర్థం కాదు.

సంస్థానం 1948లో విలీనమయ్యే నాటికి గద్దె మీద ఉన్నది ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్. తల్లి ప్రఫుల్లకుమారీదేవి ద్వారా కాకతీయ వారసుడు. ఆమె 1936లో లండన్‌లో మరణించడంతో చిన్నప్పుడే మహారాజయ్యారు. విలీనం తర్వాత ఆయనకూ ప్రభుత్వానికీ పొసగలేదు. 1953లో ఆస్తులను కోర్ట్ ఆఫ్ వార్డ్స్ స్వాధీనం చేసుకుంది. 1957లో కాంగ్రెస్ టికెట్ మీద శాసనసభకు గెలిచినా ఆ స్నేహం ఎక్కువ కాలం నిలవలేదు. 1961 ఫిబ్రవరిలో ఆయనను నిర్బంధించి, రాజు హోదాను రద్దు చేసి, తమ్ముడు విజయచంద్రకు కట్టబెట్టారు. ఢిల్లీ కాగితం మీద రాజు మారాడు కానీ ఊళ్లలో మారలేదు. ఆ ఏడాది మార్చి 31న లోహండీగూడలో నిరసనకు దిగిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు.

అయిదేళ్లకు తుపాకులు రాజమహల్లోకే వచ్చాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ ప్యాలెస్‌లో జరిగిన కాల్పుల్లో ప్రవీర్‌చంద్రతో పాటు పలువురు ఆదివాసులు మరణించారు. పోలీసులు పేల్చిన తూటాలు 61 అని సర్కారు లెక్క. విచారణకు జస్టిస్ కె.ఎల్. పాండే కమిషన్ వేశారు. రాజు చనిపోయాడన్న మాటనే చాలామంది ఆదివాసులు నమ్మలేదు. అమ్మవారి పూజారిని తూటా ఏం చేస్తుందన్నది వాళ్ల ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబుగా అయిదేళ్ల తర్వాత ఓ మనిషి ఊడిపడ్డాడు. జగదల్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న చపకా గ్రామంలో 1971లో మకాం పెట్టిన బాబా బిహారీదాస్, ప్రవీర్‌చంద్రను తానేనని ప్రచారం చేసుకున్నాడు. రాజు తెల్లగా ఉండేవారు కదా, ఈయన నల్లగా ఉన్నాడేమిటని అడిగిన వాళ్లకూ సమాధానం సిద్ధం: తూటాలు తగిలి ఒళ్లు నల్లబడిందట. ఇంత తేలికపాటి సాకు ఎలా చెల్లిందని పట్నం వాళ్లు ఆశ్చర్యపోవచ్చు. బెంగాల్లో 1909లో చనిపోయాడనుకున్న భవాల్ జమీందారు 1921లో సన్యాసిగా తిరిగొచ్చాడన్న వివాదం 1946లో లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, సన్యాసే గెలిచాడు. అక్కడ సాక్షులున్నారు, లాయర్లున్నారు. బస్తర్‌లో ఉన్నది దుఃఖమొక్కటే. సరిగ్గా 1971లోనే రాజ్యాంగ సవరణతో దేశంలోని మాజీ రాజులందరి హోదాలు, రాజభరణాలు రద్దయ్యాయి. ఉన్న రాజులకే గుర్తింపు పోయిన ఏడాదిలో చనిపోయిన రాజుకు మళ్లీ భక్తులు దొరికారు.

బిహారీదాస్ ఆయుధం తులసి పూసల కంఠి. అది మెడలో వేసుకున్నవాడు మాంసం ముట్టకూడదు, సారా తాగకూడదు. ‘కంఠి బాబా’ అన్న పేరు అలాగే వచ్చింది. ఊళ్లకు ఊళ్లు కంఠి కట్టాయి. జనం పందులను, కోళ్లను చంపేశారు, కాదంటే అమ్మేశారు. ఊరంతా ఒకేసారి అమ్మకానికి దిగితే సంతలో లాభపడేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇందులో పోయింది కూర ఒక్కటే కాదు. గోండు ఇంట్లో కోడి అంటే అత్యవసర ఖర్చుకు దాచుకున్న డబ్బు. పంది అంటే పెళ్లి విందు. ఇప్ప సారా, జీలుగు కల్లు ఆరబోయనిదే ఊరి దేవత పండగ సాగదు, కోడి కోయనిదే పొలంలో విత్తనం పడదు. కంఠి కట్టిన తమ్ముడు, కట్టని అన్న ఒకే కొలుపులో కూర్చోలేరు. పైగా ఆ రాజు కొలిచిన దంతేశ్వరే బలులు అందుకునే తల్లి. ఆమె పూజారి పేరు చెప్పి కోళ్లను మాన్పించడమంటే ఆదివాసి రాజును అడ్డుపెట్టుకుని ఆదివాసి దేవతలను పక్కకు నెట్టడమే.

కల్లు, మాంసం మానమని చెప్పినవాళ్లు మధ్యభారత అడవుల్లో అంతకుముందూ ఉన్నారు. 1951లో సర్గుజాలో రాజ్‌మోహినీదేవి అదే చెప్పారు. కానీ ఆమె ఆదివాసి మహిళ, తన పేరుతోనే మాట్లాడారు. బిహారీదాస్ అరువు తెచ్చుకున్నది వేరొకరి పేరు, వేరొకరి చావు.

ఇంత జనం వెంట ఉన్న మనిషిని రాజకీయ నాయకులు వదులుకుంటారా? 1972 మధ్యప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో బాబా కాంగ్రెస్ తరఫున ప్రచారం చేశాడు. ఇందులోని విడ్డూరం చిన్నదేమీ కాదు. 1966లో ప్యాలెస్‌పై కాల్పులు జరిగినప్పుడు భోపాల్లో అధికారంలో ఉన్నది డి.పి. మిశ్రా నాయకత్వంలోని కాంగ్రెస్ ప్రభుత్వమే. ఏ ప్రభుత్వ తుపాకులకు బలయ్యానని బాబా చెప్పుకొన్నాడో అదే పార్టీకి ఓట్లడిగాడు. అతను రాజని నాయకులు నమ్మి ఉండరు. జనం నమ్ముతున్నారన్నది వాళ్లకు సరిపోయింది.

అక్కరకొచ్చిన బాబా త్వరలోనే బెడదయ్యాడు. 1975లో అతన్ని ఆంతరంగిక భద్రతా చట్టం, అంటే ‘మీసా’ కింద అరెస్టు చేశారు. ఆ చట్టం కింద పట్టుకున్న మనిషిపై నేరం మోపక్కర్లేదు, బోనెక్కించక్కర్లేదు. మోసం కేసు పెట్టి ఉంటే ఊళ్ల వాళ్లు సాక్ష్యం చెప్పేవాళ్లు. నువ్వెవరు, ఎక్కడి వాడివి, కంఠి డబ్బు ఎటు పోయిందని వకీలు అడిగేవాడు. అలా అడిగితే అతన్ని వేదికలెక్కించిన వాళ్ల పేర్లూ బయటికి వచ్చేవేమో. నిర్బంధంలో ఆ ఇబ్బంది లేదు. పైగా రాజును సర్కారు మళ్లీ జైల్లో పెట్టిందని భక్తులు అనుకోవడానికీ వీలు దొరికింది. 1961లో ప్రవీర్‌చంద్రను నిర్బంధించిందీ ఇలాంటి ముందుజాగ్రత్త చట్టం కిందే.

బస్తర్ చరిత్ర రాసిన సామాజికవేత్త నందినీ సుందర్ బిహారీదాస్ ఉదంతాన్ని ఆదివాసులను హిందూ ఆచారాల్లోకి లాగే ప్రయత్నాలతో కలిపి చర్చించారు. బాబా చెల్లుబాటైన కాలాన్ని బచేలి వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. 1968లో కిరండూల్ గని నుంచి ఖనిజం కదిలింది, 1977లో బచేలి గని మొదలైంది. కొండ ఎవరిదని ఎవరూ ఆదివాసిని అడగలేదు. అతని తరఫున అడిగే రాజు అప్పటికి లేడు.

జగదల్‌పూర్ దసరా ఇప్పటికీ 75 రోజులు సాగుతుంది. ప్రవీర్‌చంద్ర ఫోటోలు ఇప్పటికీ ఆదివాసుల ఇళ్లల్లో కనిపిస్తాయి. ఒకప్పుడు రాజు ఎక్కిన పెద్ద రథం మీద 1966 తర్వాత దంతేశ్వరి గొడుగు, దాన్ని పట్టుకున్న పూజారి మాత్రమే ఊరేగుతున్నారు.