హలీం, హరీసా, బిర్యాన్: పాత ఫార్సీ గ్రంథాల్లోని వంటలు

రమజాను సాయంత్రాల్లో హైదరాబాదులో హలీం బట్టీల ముందు నిలబడిన వారిలో, ఆ వంటకం పుట్టుకను గురించి తలా ఒక మాట చెప్పేవారు ఎప్పుడూ ఉంటారు. మొగలులు తెచ్చారని ఒకరంటే, అరబ్బులు తెచ్చారని ఇంకొకరు అంటారు. అసలిది ఈ దేశపు తిండే కాదని మరొకరు తేల్చేస్తారు. ఈ చివరి మాట ఒక్కొక్కసారి తిండితో ఆగక తినేవారి మీదికి కూడా పోతున్నది. అందుచేత పాత గ్రంథాలు ఏమి చెబుతున్నవో, ఏమి చెప్పడం లేదో చూడవలసిన అవసరం ఉన్నది.

ఈ దేశంలో వంటను గురించి వ్రాయడం ఫార్సీతో మొదలు కాలేదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలోనే తన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో అన్నభోగానికి ఒక భాగం కేటాయించాడు. ఫార్సీ విషయానికి వస్తే, రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది మాళవ సుల్తానుల రాజధాని మాండూలో తయారైన నిఅమత్‌నామా. సుల్తాన్ గియాస్ షాహ్ (1469–1500) కాలంలో మొదలై, ఆయన కుమారుడు నాసిర్ షాహ్ (1500–1510) కాలంలో పూర్తయినది. 50 చిత్రాలున్న ఆ వ్రాతప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. నోరా టిట్లీ చేసిన ఆంగ్లానువాదం 2005లో వెలువడింది. రెండవది, అక్బరు మంత్రి అబుల్ ఫజల్ 16వ శతాబ్దం చివరి దశకంలో వ్రాసిన ఆయినే అక్బరీ. దాని మొదటి సంపుటాన్ని బ్లాక్‌మన్ 1873లో ఆంగ్లంలోకి తెచ్చాడు.

ఈ రెంటి స్వభావాలు పూర్తిగా వేరు. గియాస్ షాహ్ రాజ్యభారాన్ని కుమారుని మీద వేసి భోగాలలో మునిగినవాడు. ఆయన పుస్తకం కూడా అలాగే ఉంటుంది. సమోసాలు, కిచిడీ, షర్బత్తులు, తాంబూలం, అత్తర్లు, వేటకు వెంట తీసుకుపోవలసిన సరంజామా, చివరకు కామోద్దీపక ఔషధాలు సైతం వరస లేకుండా వచ్చిపోతుంటవి. (పాఠకులు అందులోని ప్రతిదీ అనుసరణీయమని భావించనక్కరలేదు.) ఏది ముందు వేయాలో, దేనితో కలపాలో, ఏ సుగంధం పట్టించాలో అది చెబుతుంది. ఎంత వేయాలో మాత్రం చాలా చోట్ల చెప్పదు. ఆయినే అక్బరీ దీనికి తలకిందులు. అందులో కొలతలు ఉన్నవి, వండే విధానం దాదాపు లేదు. అబుల్ ఫజల్ వంట నేర్పడానికి వ్రాయలేదు. పాకశాల ఆయన దృష్టిలో ఒక ప్రభుత్వ శాఖ. దానికి మీర్ బకావల్ అనే అధికారి ఉండేవాడు. వంటకాన్ని రుచి చూసి, గుడ్డలో కట్టి, ఆ అధికారి ముద్ర వేసిన తరువాతనే చక్రవర్తి ముందుకు పంపేవారు. కాబట్టి ఆయన పట్టిక ఉగ్రాణపు లెక్క. ఇంత బియ్యం, ఇంత నెయ్యి, దీనికి ఇన్ని పళ్ళేలు అని ఉంటుంది.

ఆ లెక్కను తెలుగులోకి తేవడంలో ఒక చిక్కు ఉన్నది. “సేర్” అన్న మాట చూడగానే తెలుగువారికి తమ శేరు గుర్తుకు వస్తుంది. బ్రిటిషు కాలపు 80 తులాల శేరు సుమారు 933 గ్రాములు. అక్బరు కాలపు సేర్ 30 దాములు, అనగా సుమారు 630 గ్రాములు మాత్రమే. అంతకు ముందు అది 28 దాములే ఉండేదని, పూర్వం 18, 22 దాముల సేర్లు కూడా ఉండేవని అబుల్ ఫజల్ స్వయంగా చెబుతున్నాడు. అంకెలన్నీ సరిగ్గా దించుకొని, బరువులన్నీ తప్పుగా పొందడం ఇక్కడ చాలా తేలిక.

అంకెల కంటే పేర్లు ఎక్కువ మోసం చేస్తవి. ఆయినే అక్బరీ వంటకాలను మూడు తరగతులుగా విభజించింది: మాంసం లేనివి (వీటికి సూఫియానా అని పేరు), మాంసంతో పాటు బియ్యం వంటి ధాన్యాలు చేరినవి, మాంసంతో మసాలాలు చేరినవి. బిర్యాన్ రెండవ తరగతిలో ఉంటుందని ఎవరైనా అనుకొంటారు. అది మూడవదానిలో ఉన్నది. మొత్తం గొర్రెకు 2 సేర్ల ఉప్పు, 1 సేర్ నెయ్యి, కుంకుమపువ్వు, లవంగం, మిరియం, జీలకర్ర. బియ్యం లేదు! ఫార్సీలో “బిర్యాన్” అంటే వేచినది, కాల్చినది అని అర్థం. బియ్యం, మాంసం సమానంగా పడే “దుజ్ద్ బిర్యాన్” అనే మరొక వంటకం రెండవ తరగతిలో ఉన్న మాట నిజమే. అయినా అందులో ఈనాటి హైదరాబాదు బిర్యానీని వెదకడం సాహసం. మిరపకాయ ఈ వంటకాలలో ఎక్కడా లేదు. అది పోర్చుగీసువారి వెంట 16వ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చినది. అబుల్ ఫజల్ పట్టికలో కారానికి మిరియం, అల్లం ఉన్నవి.

దీనికి విరుద్ధంగా, వంటకం నిలిచి పేరు మారిన సందర్భాలూ ఉన్నవి. ఖుతాబ్ అనే వంటకాన్ని హింద్ ప్రజలు సంబూసా అంటారని అబుల్ ఫజల్ వ్రాశాడు. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఇబ్నె బతూతా ముహమ్మద్ బిన్ తుగ్లక్ విందులో దానిని చూశాడు. పలుచని రొట్టెలో కైమా, బాదం, పిస్తా, ఉల్లి పెట్టి నేతిలో వేచినదది. పెసలు, బియ్యం కలిపి ఉడికించి నేతితో తినే కిచిడీని ప్రజలు ఉదయం తింటారని కూడా ఆయనే వ్రాశాడు. ఈ దేశపు ఆ కిచిడీయే మాండూ సుల్తాను పుస్తకంలోకి, తరువాత అక్బరు పాకశాలలోకి ప్రవేశించింది. అబుల్ ఫజల్ లెక్కలో బియ్యం, పప్పు, నెయ్యి తలా 5 సేర్లు! పైనుండి కిందికి దిగిన తిండి ఎంత ఉన్నదో, ప్రజల నుండి దర్బారుకు ఎక్కినది కూడా అంత ఉన్నది. ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు అని గీత గీయబోయేవారికి ఈ పుస్తకాలు సహకరించవు.

ఇక హలీం. దాని పూర్వరూపమైన హరీసా అరబ్బీ మాట. “హరస” అంటే దంచుట, నలుగగొట్టుట. ఇబ్నె సయ్యార్ అల్ వర్రాఖ్ 10వ శతాబ్దంలో కూర్చిన బాగ్దాదు వంటగ్రంథంలోను, ముహమ్మద్ బిన్ అల్ హసన్ అల్ బగ్దాదీ 1226లో వ్రాసిన గ్రంథంలోను అది కనబడుతుంది. ఆయినే అక్బరీలో హరీసాకు 10 సేర్ల మాంసం, 5 సేర్ల దంచిన గోధుమ, 2 సేర్ల నెయ్యి, అర సేర్ ఉప్పు, 2 దాముల దాల్చిన చెక్క. అంతే. అదే పుట దగ్గర హలీం వేరుగా ఉన్నది. అందులో మాంసం, గోధుమ, శనగలతో పాటు టర్నిప్, క్యారెట్, పాలకూర, సోపు పడతవి. కూరగాయలు పడిన ఆ హలీంకూ, అల్లం వెల్లుల్లి, మిరప, వేయించిన ఉల్లిపాయలతో 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంకూ పేరే ఉమ్మడి.

ఆ పేరు విషయంలో ఇటీవల కొందరికి ఒక సంకోచం కలుగుతున్నది. అల్ హలీం (సహనశీలుడు) అల్లాహ్ శుభనామాలలో ఒకటి గనుక వంటకాన్ని “దలీం” అనడం మంచిదని వారి అభిప్రాయం. ఆ గౌరవభావం మెచ్చదగినదే. కాని ఈ వాడుక నిన్న మొన్నటి నిర్లక్ష్యం వల్ల వచ్చినది కాదు. అబుల్ ఫజల్ గ్రంథంలోనే అది స్థిరపడి ఉన్నది. ధర్మవిషయాల్లో అక్బరు దర్బారును ఎవరూ ప్రమాణంగా తీసుకోరు, భాషావిషయంలో మాత్రం అది సాక్ష్యమే.

అబుల్ ఫజల్ హరీసాకు దగ్గరగా ఉన్నది కావాలంటే హైదరాబాదు పాతబస్తీ దాటి బార్కస్‌కు పోవాలి. నిజాం సైన్యంలో పనిచేసిన హజ్రమౌత్ అరబ్బుల సంతతి అక్కడ ఉన్నది. వారు వండే హరీస్‌లో గోధుమ, మాంసం, నెయ్యి తప్ప పెద్దగా మసాలా ఉండదు. కొందరు దాని మీద చక్కెర చల్లుకొని తింటారు.