చుక్కల దుప్పికి మత్తు, విరుగుడు: సైబరాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

2025 మార్చి చివరి రోజుల్లో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్ల తొలగింపు మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసింది. నివాసం చెదిరిన చుక్కల దుప్పులను మత్తు సూదితో పట్టి వేరొక అడవిలో వదలవచ్చు గదా అన్న ఆలోచన ఇటువంటి సందర్భాల్లో సహజంగా కలుగుతుంది. అది ఎంతవరకు సాధ్యమో తెలియాలంటే ఆ మందుల పనితీరును గమనించాలి.

దుప్పులకు సాధారణంగా జైలజిన్, కెటమిన్ కలిపి ఇస్తారు. జైలజిన్ నాడీవ్యవస్థలో నార్‌ఎడ్రినలిన్ విడుదలను తగ్గిస్తుంది. జంతువు మగతలోకి జారుతుంది, కండరాలు సడలుతాయి. అయితే గుండె వేగం కూడా తగ్గుతుంది. శరీరం తన ఉష్ణోగ్రతను అదుపు చేసుకోలేదు. నెమరువేసే జంతువు కావడం వల్ల మరొక చిక్కు ఉంది. పొట్ట కదలిక మందగించి వాయువు నిండుతుంది, లోపలి ద్రవం గొంతులోకి ఎగదన్నుతుంది. అందుకే దుప్పిని పక్కకు పడుకోబెట్టరు. రొమ్ము మీద కూర్చోబెట్టి, తల ఎత్తి, మూతి కిందికి వంచి పట్టుకుంటారు. కళ్లకు గంతలు కడతారు.

జైలజిన్ ప్రభావాన్ని యోహింబిన్ తొలగిస్తుంది. ఇది ఒక ఆఫ్రికా చెట్టు బెరడులో లభించే పదార్థం. బంధనంలోని చుక్కల దుప్పుల్లో ఈ మత్తును, దాని ఉపసంహరణను హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు పరిశీలించి 2007లో ప్రచురించారు. కెటమిన్‌కు మాత్రం ఇటువంటి మందు లేదు. దాని ప్రభావం తగ్గకముందే యోహింబిన్ ఇస్తే, కెటమిన్ ఒక్కటే మిగిలి జంతువు బిగుసుకుపోవచ్చు, మూర్ఛలు రావచ్చు. కనుక కొంతసేపు వేచి ఉండటం చికిత్సలో భాగమే.

తెలుగులో దీనికి 'విరుగుడు' అన్న మాట చక్కగా అతుకుతుంది. కాని పాము విషానికి వాడే ఆ మాట, జరిగినదంతా వెనక్కి తీసుకోవచ్చన్న భ్రమను కూడా కలిగిస్తుంది. సూది తగిలిన దుప్పి వెంటనే పడిపోదు. కొన్ని నిమిషాలు పరుగెత్తుతుంది. భయంతో తీసిన ఆ పరుగులో కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కండర కణాలు చిట్లుతాయి, వాటి నుంచి వెలువడిన మయోగ్లోబిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లేచి నడిచి వెళ్లిన దుప్పి కొన్ని రోజుల తరవాత కూడా చనిపోవచ్చు. యోహింబిన్ మత్తును తొలగించగలదే గాని ఈ నష్టాన్ని తొలగించలేదు.

ఆ కొద్ది నిమిషాలే సైబరాబాద్‌లో కీలకం. అడవిలో పొదల్లోకి వెళ్లే జంతువు ఇక్కడ ప్రహరీని ఢీకొంటుంది, రోడ్డెక్కుతుంది, లేదా చెరువులో దిగి మత్తులో మునిగిపోతుంది. చట్టపరమైన హద్దు కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం బంధించడాన్ని 'వేట' నిర్వచనంలోనే చేర్చింది; అనుమతి లేనిదే ఎవరూ ఈ పనికి పూనుకోరాదు.

గాయపడిన ఒక్క దుప్పికి మత్తు తగిన సాధనమే. మందను తరలించడానికి మాత్రం మధ్యప్రదేశ్ అటవీశాఖ అనుసరించిన బోమా పద్ధతి మేలు: గరాటు ఆకారపు దడిలోకి దుప్పులను మళ్లించి, మందు లేకుండానే నేరుగా వాహనంలోకి ఎక్కిస్తారు. దానికి విశాలమైన చోటు కావాలి, దుప్పులు ఆ దడికి అలవాటు పడే వ్యవధి కావాలి.