మూత్రపిండ మార్పిడి: ధమనులలోని కాల్షియం ముందుగా ఏమి చెబుతుంది?

మార్పిడి అనగానే పాడైన మూత్రపిండాన్ని తీసివేసి, అదే చోట కొత్తది పెడతారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా జరగదు. పాతవాటిని ఉన్నచోటనే ఉంచి, కొత్తదాన్ని పొత్తికడుపు కింది భాగంలో ఒక పక్కన అమరుస్తారు. దాని ధమనిని, కాలివైపు రక్తం తీసుకుపోయే ఇలియాక్ ధమనికి కలిపి కుడతారు. కాబట్టి శస్త్రచికిత్సకు ముందు ఆ ధమని గోడ ఎలా ఉందో తెలుసుకోవాలి.

ఉప్పునీటి బోర్లున్న ఊళ్ళలో నీటి గొట్టాలకు తెల్లటి పొర పట్టడం మీరు చూసే ఉంటారు. ధమనులలో కాల్షియం చేరడాన్ని దీనితో పోలుస్తారు గాని, పోలిక సగమే సరిపోతుంది. ధమని లోపలి పొరలో కొవ్వుతోపాటు కాల్షియం చేరితే దారి ఇరుకవుతుంది. మధ్య పొరలో చేరితే దారి ఇరుకు కాకపోవచ్చు, కాని గోడ బిరుసెక్కుతుంది. ఈ రెండవ రకం మూత్రపిండ రోగులలోనూ, మధుమేహం ఉన్నవారిలోనూ ఎక్కువ. మూత్రపిండాలు ఫాస్ఫేటును బయటికి పంపలేనప్పుడు అది రక్తంలో పెరుగుతుంది. అప్పుడు ధమని గోడలోని కండర కణాలు క్రమంగా ఎముక కణాల లక్షణాలను పొందుతాయి. అంటే ఇది ఊరికే పేరుకుపోవడం కాదు, కణాలే చేసే పని. డయాలిసిస్ మీద గడిపిన సంవత్సరాలు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది.

రంగుమందు ఎక్కించకుండా తీసే సి.టి. స్కాన్‌లో కాల్షియం తెల్లగా కనిపిస్తుంది. గుండె ధమనులలో దీన్ని లెక్కించడానికి 1990లో అగాట్‌స్టన్ బృందం ఒక పద్ధతిని ప్రకటించింది. మచ్చల వైశాల్యాన్ని, సాంద్రతను కలిపి ఒక స్కోరు కట్టడం ఇందులోని కిటుకు. ఇదే తరహా లెక్కను పొత్తికడుపు ధమనులకూ వాడుతున్నారు.

స్కాన్ వల్ల తెలిసేవి రెండు వేరు వేరు విషయాలు; వీటిని కలిపేయకండి. మొదటిది శస్త్రవైద్యుని ఇబ్బంది. బిరుసెక్కిన ధమనికి క్లాంపు సరిగా పట్టదు, సూది దిగదు, లోపలి పొర చిరగవచ్చు. మచ్చ ఎక్కడుందో ముందే తెలిస్తే మెత్తని భాగాన్నో, రెండవ పక్కనో ఎంచుకుంటారు. దీనికి స్కోరు కంటే మచ్చ ఉన్న చోటు ముఖ్యం. రెండవది రోగి భవిష్యత్తు. కాల్షియం ఎక్కువగా ఉన్నవారిలో గుండె, రక్తనాళాల జబ్బులు, మరణాలు ఎక్కువని అధ్యయనాలు చూపాయి. కొత్త మూత్రపిండం చక్కగా పనిచేస్తుండగానే రోగి గుండెజబ్బుతో మరణించడం అరుదు కాదు. అయితే ఆ మూత్రపిండమే విఫలమవుతుందా అన్న ప్రశ్నకు ఫలితాలు అంత ఏకంగా లేవు.

అడవులదీవికి చెందిన ఒక రోగి డయాలిసిస్ చేయించుకుంటూ, జీవన్‌దాన్ జాబితాలో ఎదురుచూస్తున్నాడనుకుందాం. మరణించిన దాతల అవయవాలను కేటాయించే ఈ పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రారంభమైంది. పిలుపు ఏ అర్ధరాత్రయినా రావచ్చు. మూత్రపిండాన్ని చల్లగా నిల్వ ఉంచగలిగేది సుమారు ఒక రోజు మాత్రమే. ఆ తొందరలో ధమని గట్టిగా ఉందని బల్లమీద తెలిస్తే చేయగలిగింది తక్కువ. అందుకే స్కాన్ జాబితాలో చేరేటప్పుడే కావాలి. నిరీక్షణ ఏళ్ళు పడితే పాత స్కాన్ మీద ఆధారపడకూడదు.

స్కోరు ఎక్కువగా ఉన్నందుకే అతన్ని తిరస్కరించవచ్చా? ఆ ఒక్క కారణంతో తిరస్కరించడం సరికాదు. డయాలిసిస్ మీదే ఉంచితే ప్రమాదం తప్పదు సరికదా, కాల్షియం ఇంకా పెరుగుతుంది. పైగా వయస్సు, మధుమేహం, డయాలిసిస్ కాలం ఇవన్నీ కాల్షియంతో ముడిపడినవే. వీటిని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా స్కోరు కొత్తగా ఏమైనా చెబితేనే దానికి విలువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం లేకుండానే మూత్రపిండ వ్యాధి వచ్చినవారు ఎందరో ఉన్నారు. మరో దేశపు రోగుల మీద కట్టిన అంచనా సూత్రాన్ని వారికి వర్తింపజేసే ముందు, వారి మీదే పరీక్షించి చూడాలి.

మీ అభ్యాసాన్ని సరిచూసుకోండి: ఇద్దరు రోగుల స్కోరు సమానం. ఒకరికి కాల్షియం ఇలియాక్ ధమని కుట్టు వేసే చోట ఉంది, మరొకరికి బృహద్ధమనిలో ఉంది. ఎవరి విషయంలో ఏ ప్రమాదం ఎక్కువో కారణాలతో వ్రాయండి.